చెట్టు నీడకు నప్పే మొక్కలు

ఇంటి ఆవరణలో పెద్ద చెట్టు ఉంటే దాని కింద నేల చాలాచోట్ల బోడిగానే కనిపిస్తుంది. అక్కడ గులాబీ పెడితే కొమ్మలు సన్నగా సాగుతాయి గానీ పువ్వు రాదు. బంతినారు నిలువునా పెరిగి ఒరిగిపోతుంది. గడ్డి పరిస్తే ఒక వానాకాలం పచ్చగా ఉండి, ఎండలు ముదిరేసరికి అక్కడక్కడ మట్టి తేలుతుంది. వెలుతురు చాలకే ఇలా జరిగిందని అందరూ అనుకుంటారు. అది సగం కారణమే. మిగతా సగం నేలలో ఉంది.

గుబురు మామిడి మీద చిన్న జల్లు పడితే ఆ నీరు ఆకుల మీదే నిలిచి ఆవిరైపోతుంది, నేలకు దిగేది కొద్దిగానే. దిగినదాన్ని కూడా ముందుగా చెట్టే అందుకుంటుంది. చెట్టు వేరు అనగానే లోతుకు పోయే తల్లివేరు గుర్తొస్తుంది. కానీ నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని పీచువేళ్ళలో చాలా భాగం పైపై రెండడుగుల మట్టిలోనే అల్లుకుని ఉంటుంది, కొమ్మల చివర్లు దాటి కూడా పాకుతుంది. అందుకే చెట్టు కింద పెట్టే మొక్క తక్కువ వెలుతురుతో సరిపెట్టుకుంటే చాలదు. తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద వేరు పక్కన, మిగిలిన తడితో బతకగలగాలి.

అలా బతకడం కొన్ని జాతులకు పుట్టుకతోనే వచ్చింది. అడవిలో పెద్ద చెట్ల కింద పెరిగే మొక్కలకు ఇది మామూలు జీవితం. వాటిలో కొన్ని వెడల్పాటి ఆకులు పరిచి దొరికిన కాస్త వెలుతురునూ పట్టుకుంటాయి. కొన్ని దుంపలో ఆహారం దాచుకుని ఎండాకాలమంతా నేల లోపలే గడిపేస్తాయి. మరికొన్ని చెట్టునే ఎక్కి వెలుతురు వెతుక్కుంటాయి. తెలుగువారి వంటింటికి బాగా తెలిసిన పసుపు, అల్లం, కంద, కరివేపాకు, మిరియాలు ఏదో ఒక మేరకు నీడను ఓర్చుకునేవే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పండుతుంది, ఆ చెట్ల మొదళ్ళకే మిరియాల తీగలు పాకిస్తారు. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో చెట్ల నడుమ కోకో, కంద, అరటి వేస్తారు. రైతు తోటలో చేసే ఈ ఎంపికనే ఇంటి పెరట్లో చిన్న ఎత్తున చెయ్యాలి.

నీడ ఎంత, ఎప్పుడు

ఏ నీడో తేల్చుకోకుండా నర్సరీకి వెళితే డబ్బు దండగ. తేల్చుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. మబ్బులేని రోజు మధ్యాహ్నం, మొక్క పెట్టదలచిన చోట నేలకు అడుగు ఎత్తున అరచెయ్యి చాపి చూస్తే సరిపోతుంది. వేళ్ళ నీడ విడివిడిగా, అంచులు తేటగా పడితే అది పలుచని నీడ, అక్కడ కొన్ని పూలమొక్కలు కూడా వస్తాయి. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు చెదిరిపోతే నడిమి నీడ. నీడ పడిందో లేదో చెప్పలేనంత మసకగా ఉంటే చిక్కని నీడ. అక్కడ ఆకు అందమే తప్ప పువ్వును ఆశించకూడదు. ఉదయం తొమ్మిదింటికీ సాయంత్రం నాలుగింటికీ మరోసారి చూడటం మంచిది. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలే తూర్పు వైపు ఎప్పుడూ మేలైన చోటు. పడమటి ఎండ ఏప్రిల్, మే నెలల్లో నీడ మొక్కల ఆకుల్ని మాడ్చేస్తుంది.

ఈ పరీక్ష వేసవిలో ఒకసారి చేస్తే చాలదు, చలికాలంలోనూ చెయ్యాలి. మే నెలలో హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, చెట్టు నీడ చెట్టు కిందే పడుతుంది. డిసెంబరు చివరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తుకు చేరడు. 10 మీటర్ల చెట్టు నీడ అప్పుడు ఉత్తరం వైపు 8, 9 మీటర్ల దాకా సాగుతుంది. దక్షిణం వైపు కొమ్మల కింద నేలకు మాత్రం ఏటవాలు ఎండ చొరబడుతుంది. ఒకే చెట్టుకు రెండు వైపులా రెండు రకాల మొక్కలు ఎందుకు పెట్టాలో దీన్నిబట్టే తెలుస్తుంది. చలికాలంలో పూసే వాటికి దక్షిణం, ఆకుల కోసం పెంచే వాటికి ఉత్తరం.

చెట్టును బట్టి ఎంపిక

వేప కింద మొక్కలు పెంచడం తేలిక. దాని నీడ మరీ చిక్కగా ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలినా కొద్ది వారాల్లోనే కొత్త చిగురు కమ్ముకుంటుంది. రాలిన ఆకు చిన్నది కాబట్టి కింది మొక్కల సందుల్లోంచి జారి నేలకు చేరి త్వరగా కుళ్ళిపోతుంది. కానుగ కూడా ఇంచుమించు ఇలాంటిదే. నిద్రగన్నేరు కింద నేల మరింత అనుకూలం. పొద్దు గూకినప్పుడూ, వాన మబ్బు కమ్మినప్పుడూ దాని ఆకులు ముడుచుకుంటాయి కాబట్టి వాన నీరు నేరుగా నేలకు దిగుతుంది. పైగా అది చిక్కుడు కుటుంబపు చెట్టు, రాలిన ఆకు మట్టికి నత్రజనిని ఇస్తుంది.

బాదం, టేకు, పనస చెట్లతో చిక్కు వేరు. బాదం చెట్టు ఏడాదికి రెండు విడతలుగా అరచేతికన్నా పెద్ద ఆకులు రాలుస్తుంది. నేలబారు మొక్కలు వాటి కింద కప్పబడిపోయి కుళ్ళుతాయి. అక్కడ నిటారు ఆకులున్న స్నేక్ ప్లాంట్, స్పైడర్ లిల్లీ లాంటివి పెట్టాలి, రాలిన ఆకు వాటి మీద నిలవదు. తురాయి చెట్టుది ఇంకో తీరు. వేసవి మొదట్లో అది ఆకులన్నీ రాల్చేసి, సరిగ్గా నీడ కావలసినప్పుడే నేలను ఎండకు వదిలేస్తుంది. ఏడాదిలో పది నెలలు హాయిగా పెరిగిన ఆగ్లోనిమా ఆ రెండు నెలల్లో మాడిపోతుంది. తురాయి కింద ఎండా నీడా రెండూ ఓర్చుకునే మొక్కలే నిలుస్తాయి.

చింత కింద ఏదీ ఏపుగా పెరగదు. దాని ఆకుల్లో, వేళ్ళలో ఉండే పదార్థాలు ఇతర మొక్కల మొలకను, ఎదుగుదలను అణుస్తాయని ప్రయోగాల్లోనూ తేలింది. నీలగిరి చెట్టు కిందా అంతే. ఇలాంటి చోట నేలతో కుస్తీ పట్టడం కన్నా కుండీల్లో పెంచి చెట్టు చుట్టూ అమర్చుకోవడమే తెలివైన పని.

కొబ్బరి నీడ వయసును బట్టి మారుతుంది. చెట్టు చిన్నగా ఉన్నప్పుడు, మళ్ళీ పాతికేళ్ళు దాటి బాగా ఎత్తు పెరిగాక కిందకు వెలుతురు దండిగా వస్తుంది. నడుమ సంవత్సరాల్లో మట్టలు దగ్గరగా ఉండి నీడ చిక్కబడుతుంది. రాలే మట్ట బరువుకు విరిగినా మళ్ళీ పిలకలు వేసే అల్లం, పసుపు జాతి మొక్కలు కొబ్బరి కింద నమ్మకమైనవి.

మామిడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు లోగిళ్ళలో ఎక్కువగా కనిపించేది అదే, పొరపాట్లు జరిగేదీ దాని కిందే. మామిడికి పూతకు ముందు రెండు నెలలు నేల పొడిగా ఉండాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో మొదలు దగ్గర తడి ఆరకుండా నీరు పెడుతూ ఉంటే చెట్టు పూతకు బదులు చిగురు వేస్తుంది. చెట్టు కింద పచ్చదనం కోసమని ఏడాది పొడుగునా నీరడిగే ఫెర్నులు, పీస్ లిల్లీలు పెట్టి, రోజూ గొట్టంతో తడిపి, ఆ ఏడు కాయలు తగ్గాయని బాధపడే ఇళ్ళు ఎన్నో. పసుపు, కంద అయితే ఈ గొడవ రాదు. తొలకరికి మొలుస్తాయి, వానాకాలమంతా ఆకు వేస్తాయి, చలికాలం ముదిరేసరికి ఆకు పండి ఎండిపోతుంది. చెట్టుకు నీరు వద్దన్న నెలల్లో వీటికీ నీరు వద్దు. మామిడి కాలెండరుకు ఇంత చక్కగా కుదిరే మొక్కలు వేరే లేవు.

దుంప మొక్కలు

కందకు చెయ్యాల్సిన చాకిరీ దాదాపు లేదు. దుంపను మొగ్గ భాగం ముక్క ముక్కకూ వచ్చేలా కోసి, కోసిన చోట పేడనీళ్ళు పూసి ఆరబెట్టి, వేసవి చివర్లో అడుగు లోతు గుంటలో పెడతారు. తొలి వానలకు నేల చీల్చుకుని మచ్చల మచ్చల కాడ ఒకటి పైకి వస్తుంది. దాని కొసన మడిచి ఉన్న ఆకు కొద్ది రోజుల్లో గొడుగు విప్పినట్టు తెరుచుకుంటుంది. చూడటానికి చెట్టు కొమ్మలా ఉన్నా అదంతా ఒకే ఆకు. బాగా ముదిరిన దుంపను తవ్వకుండా వదిలితే ఏదో ఒక ఏడు ఆకుకు ముందు పువ్వు వస్తుంది. ముదురు ఊదారంగులో ముడతలు పడిన ఆ పువ్వు ఒకటి రెండు రోజులు కుళ్ళిన మాంసం వాసన కొడుతుంది. ఈగలనూ పెంకు పురుగులనూ పరాగసంపర్కానికి పిలిచే పద్ధతి అది. కిటికీకి ఆనుకుని కంద పెట్టకపోవడానికి ఆ రెండు రోజులే కారణం. తవ్విన కంద కోసేటప్పుడు చెయ్యి దురద పెట్టేది అందులోని కాల్షియం ఆక్సలేటు సూదుల వల్ల. చింతపండు వేసి ఉడికిస్తే ఆ దురద పోతుంది, కంద బచ్చలి కూరలో పులుపు పడేది రుచికోసం మాత్రమే కాదు.

పసుపు నడిమి నీడలో బాగా వస్తుంది. దుగ్గిరాల, నిజామాబాదు ప్రాంతాల్లో ఎండ తగిలే పొలాల్లో పండించే దిగుబడి చెట్టు కింద రాదు. పెరటి అవసరానికి మాత్రం చాలినంత కొమ్ము దొరుకుతుంది, అడుగు దాటి లేచే వెడల్పాటి ఆకులు నేలను పూర్తిగా కప్పి కలుపును రానివ్వవు. మామిడల్లం పెంపకమూ ఇలాగే. అల్లానికి మాత్రం నీరు నిలవని మట్టి తప్పనిసరి, నల్లరేగడిలో చెట్టు కింద పెడితే వానాకాలంలో దుంప కుళ్ళుతుంది. ఈ మొక్కలన్నిటికీ ఒక లోపం ఉంది. జనవరి నుంచి జూన్ దాకా నేల ఖాళీగా కనబడుతుంది. ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలంటే మధ్యమధ్య స్నేక్ ప్లాంట్, రియో లాంటి నిలకడ మొక్కలు కలపాలి.

నీడలో పూసేవి

పూలలో మొదటి స్థానం కనకాంబరానిది. ఇది దక్షిణ భారతం, శ్రీలంకల సొంత మొక్క. రోజంతా కాసే ఎండకన్నా చెదురు నీడలో దీని ఆకు నిగనిగలాడుతుంది. వెన్నులో పువ్వులు ఒకేసారి విచ్చుకోవు, కింది నుంచి పైకి వరసగా రోజులపాటు పూస్తాయి. ఎండిన కాయ మీద నీటిచుక్క పడితే అది ఠప్పున పగిలి గింజను దూరంగా విసురుతుంది. అందుకే ఒకసారి నాటిన చోట మరుసటి వానాకాలానికి తనంతట తానే నారు లేస్తుంది. ఢిల్లీ కనకాంబరం మాత్రం గింజ కట్టదు, కొమ్మ నాటాల్సిందే. కనకాంబరానికి వేరుబుడిపె పురుగు, ఎండు తెగులు పెద్ద శత్రువులు. ఒకే చోట మొక్కలు చనిపోతుంటే అక్కడ మళ్ళీ కనకాంబరమే పెట్టకూడదు.

డిసెంబరాలు చలికాలంలో, ఇతర పూలు తగ్గినప్పుడు ఊదా, తెలుపు రంగుల్లో పూస్తాయి. చెట్టుకు దక్షిణం వైపు వీటి చోటు. పూత అయిపోయాక జానెడు వదిలి కత్తిరిస్తే చాలు, ఏడాదిలో అదే పని. నందివర్ధనం కాస్త పెద్ద పొద, పలుచని నీడలోనూ పూస్తుంది, దీపారాధనకు రోజూ నాలుగు పూలు ఇస్తుంది. మందార, గులాబీ, బంతి, చామంతి, తులసి మొక్కల్ని చెట్టు కింద పెట్టవద్దు. బతికినా వాటి పూర్తి అందం రాదు.

ఆకుల కోసం పెంచేవి

చిక్కని నీడకు ఆకు మొక్కలే దిక్కు. వీటిలో అన్నిటికన్నా మొండిది స్నేక్ ప్లాంట్ అని నర్సరీలలో అమ్మే చాగ జాతి. దీనికి మన నేలలోనే పుట్టిన బంధువు ఉంది. దాని ఆకుల నుంచి తీసిన చాగనారతో పూర్వం వింటినారులు పేనేవారు. సామర్లకోటలో తోట పెట్టి కోరమండల్ తీరపు మొక్కల్ని వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ పేరే ఆ జాతి శాస్త్రీయ నామంలో కనిపిస్తుంది. చాగ మొక్కకు నెలరోజులు నీరు అందకపోయినా ఆకు వాలదు. దాన్ని చంపేది ఎక్కువ నీరే.

జీజీ ప్లాంటు, ఆగ్లోనిమా, సింగోనియం, స్పైడర్ ప్లాంటు, కింద ఊదారంగు ఉండే రియో, మోండో గ్రాస్ చెట్ల కింద తేలిగ్గా పెరుగుతాయి. మరాంటా, కెలాథియా ఎంత అందంగా ఉన్నా తెలంగాణ, రాయలసీమ పొడి వేసవికి ఆకు అంచులు కాలిపోతాయి, తీర జిల్లాల్లోనే వాటి మీద డబ్బు పెట్టాలి. కడియం నర్సరీలలో పచ్చని షేడ్ నెట్ కింద వరసలుగా పెట్టినవన్నీ నీడకు అలవాటుపడిన మొక్కలే. అదే జాతి మొక్కను ఎండలో పెట్టి అమ్ముతుంటే, ఇంటికి తెచ్చాక కొన్నాళ్ళు ఆకు రాల్చి గానీ కుదుటపడదు.

కరివేపాకు చెట్టు నీడలో నెమ్మదిగా పెరుగుతుంది కానీ చావదు. పండిన కాయలు తిన్న పిట్టలు వేప కొమ్మల మీద వాలి గింజలు జారవిడవడం వల్ల చాలా ఇళ్ళలో వేప కిందే కరివేపాకు మొలకలు వాటంతట అవే లేస్తాయి. అలా లేచిన మొక్కను అక్కడే ఉంచడం మేలు, చోటు అది ఎంచుకున్నదే. కాస్త తేమ ఉండే చోట సరస్వతి ఆకు నేలంతా పాకి పచ్చడికీ పనికొస్తుంది. గడ్డే కావాలనుకునేవారు గరిక జాతి లాన్లను వదిలి, వెడల్పు ఆకుల కార్పెట్ గ్రాస్‌ను పలుచని నీడలో ప్రయత్నించవచ్చు.

మనీప్లాంటు నేలలో పెట్టి చెట్టు ఎక్కిస్తే ఆకు చేటంత పెద్దదై చీలికలు పడుతుంది. కొబ్బరి, నిద్రగన్నేరులకు పరవాలేదు గానీ పండ్ల చెట్లకు ఎక్కించకూడదు. మొదలు కనబడకపోతే చెద పుట్టలూ కాండం తొలిచే పురుగు రంధ్రాలూ ఆలస్యంగా బయటపడతాయి. వెడీలియా అనే పసుపుపూల తీగ నేలను ఇట్టే కమ్మేస్తుందని ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో అదొకటి, కాలువ గట్లు చేరితే ఆపడం కష్టం.

నాటే తీరు

చెట్టు కింద గునపంతో లోతుగా తవ్వకూడదు. బొరిగతో వేళ్ళ సందులు వెతికి, అక్కడ చిన్న గుంట చేసి, మాగిన పశువుల ఎరువు గుప్పెడు కలిపి నాటాలి. బొటనవేలి లావు దాటిన వేరు ఎదురైతే దాన్ని నరకకుండా గుంటనే పక్కకు జరపాలి. పెద్ద కుండీ మొక్కలకన్నా చిన్న కవర్లలో ఉన్నవి కొనడం అన్నివిధాలా లాభం. గుంట చిన్నదవుతుంది, మొక్క కొత్త చోట త్వరగా వేళ్ళూనుతుంది, ధర కూడా తక్కువ. మొదలుకు అడుగున్నర దూరం వదిలి నాటడం మొదలుపెట్టాలి.

వేళ్ళు పైకి తేలాయని బయటి మట్టి తెచ్చి అర అడుగు ఎత్తున పోసి మడి కట్టడం చెట్టుకు నష్టం. పీచువేళ్ళకు గాలి అందదు, మొదలుకు మట్టి తగిలితే బెరడు కుళ్ళుతుంది. ఆ నష్టం వెంటనే కనిపించదు, కొన్నేళ్ళకు పైకొమ్మలు ఎండడంతో బయటపడుతుంది. రెండంగుళాలకు మించి మట్టి వెయ్యకపోవడమే క్షేమం. మొదలు చుట్టూ సిమెంటు చప్టా కట్టడం అంతకన్నా చేటు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది ఇందుకే.

నాటడానికి తెలంగాణ, కోస్తా ప్రాంతాలలో రెండు మంచి వానలు పడ్డాక జూన్ చివర, జూలై మొదలు అదను. ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువగా అందుకునే నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబరులోనూ నాటుకోవచ్చు. మొదటి ఏడాది నీటి విషయంలో ఏమరకూడదు. వాన పడింది కదా అని ఊరుకుంటే చెట్టు కింద మట్టి పొడిగానే ఉండవచ్చు, వేలు గుచ్చి చూడాలి. వేసవిలో రోజూ చిలకరించే కన్నా వారానికి రెండుసార్లు వేళ్ళదాకా తడిసేలా పెట్టడం మంచిది. రెండో ఏటి నుంచి చాగ, జీజీ, రియో లాంటి వాటికి పదిహేను రోజులకోసారి పెట్టినా సరిపోతుంది.

చెట్టు రాల్చిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా మొక్కల మధ్యే రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే తేమ ఆగుతుంది, కలుపు తగ్గుతుంది, ఏడాదికి ఎరువవుతుంది. మామిడి ఆకు గట్టిది, మాగడానికి ఎక్కువ కాలం పడుతుంది, చేత్తో నలిపి వేస్తే తొందరగా కలుస్తుంది. మొదలుకు తగలకుండా జానెడు ఖాళీ వదలాలి. నీడ మరీ చిక్కగా ఉంటే కాయ కోత అయ్యాక మామిడి అడుగు కొమ్మలు ఒకటి రెండు తీయించవచ్చు. ఒక్క ఏడాదిలో మొత్తం కొమ్మల్లో పావు వంతు మించి కొట్టకూడదు.

చిన్న పిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో డీఫెన్‌బాకియా పెట్టకపోవడమే మంచిది. దాని ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. ఆగ్లోనిమా, సింగోనియం, మనీప్లాంటులోనూ కందలో ఉండేలాంటి ఆక్సలేటు సూదులే ఉంటాయి కాబట్టి వాటిని నడకదారికి దూరంగా ఉంచాలి. పాముల భయం ఉన్నచోట ఇంటి గోడకూ దారికీ ఆనుకుని మోకాలెత్తు దాటని, మొదళ్ళు కనబడే మొక్కలే పెట్టి, గుబురు పొదల్ని ఆవరణ చివరకు జరపాలి. ఆకు పరుపు కూడా గుమ్మం దగ్గర వద్దు.

మూడేళ్ళకోసారి తొలకరిలో స్పైడర్ లిల్లీ, రియో, మోండో గ్రాస్ గుంపుల్ని బొరిగతో విడదీసి, మొక్కలు చనిపోయిన చోట్ల నాటితే కొత్త మొక్కలు కొనాల్సిన పని ఉండదు. పసుపు, కంద తవ్వేటప్పుడు మంచి దుంప ఒకటి రెండు అక్కడే వదిలేస్తే వచ్చే ఏటి విత్తనం నేలలోనే ఉంటుంది.